తినని బిడ్డ – మన దస్తర్‌ఖాన్

నలుగురు తల్లులు ఒకచోట చేరితే సలాములు, కుశల ప్రశ్నలు అయిన వెంటనే మొదలయ్యే మాట ఒకటుంది: "మావాడు అసలు ఏమీ తినడు." ఒకామె కొడుకు తెల్లన్నం, పెరుగు తప్ప మరొకటి ముట్టడు. మరొకామె కూతురు కూరలో ఆకు కనబడితే చాలు, పళ్ళెం దూరంగా నెట్టేస్తుంది. ఇంకొకరి ఇంట్లో బిడ్డకు బిస్కెట్లు, చిప్స్ తప్ప ఏదీ గొంతు దిగదు. ఈ మాటల వెనుక ఒక భయం ఉంటుంది. బిడ్డ సన్నబడిపోతున్నాడేమో, నీరసించి జబ్బు పడతాడేమోనన్న భయం. దాని వెనుక పైకి చెప్పుకోలేని బాధ మరొకటి ఉంటుంది. పండక్కి వచ్చిన చుట్టాలు బిడ్డ చెయ్యి పట్టి చూసి, "ఏమమ్మా, పిల్లాడికి తిండి పెట్టడం లేదా?" అని నవ్వుతూ అంటారు. వాళ్ళు అనేసి వెళ్ళిపోతారు. ఆ తల్లికి మాత్రం రాత్రి నిద్ర పట్టదు. మరునాడు ఆ ఇంట్లో బిడ్డ నోట్లో ముద్దలు బలవంతంగా కుక్కడం మొదలవుతుంది. బిడ్డ ఏడుస్తాడు, తల్లీ ఏడుస్తుంది.

పిల్లల తిండి, బరువు డాక్టర్లు చూసుకునే విషయాలు కదా, వీటికి ధర్మంతో ఏమిటి సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. కాని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) జీవితాన్ని గురించి మనకు చేరిన ఉల్లేఖనాలలో భోజనానికి సంబంధించినవి ఎన్ని ఉన్నాయో చూడండి. ఆయన ఎలా కూర్చున్నారు, ఏది ఇష్టంగా తిన్నారు, ఏది తినకుండా వదిలేశారు, పక్కన కూర్చున్న పిల్లవాడికి ఏం నేర్పారు అన్నవన్నీ సహాబాలు శ్రద్ధగా గుర్తుపెట్టుకుని మనకు అందించారు. మనలో ప్రతి ఒక్కరూ ఒక కాపరి అనీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందనీ ఆయన హెచ్చరించారు. తండ్రి ఇంటివారికి కాపరి. తల్లి ఇంటికీ, పిల్లలకూ కాపరి. అయితే కాపరి మందను మంచి మేత ఉన్న చోటికి తోలుకెళ్ళగలడు, నీళ్ళ దగ్గరకు తీసుకెళ్ళగలడు. మేకపిల్ల నోరు తెరిచి గడ్డి కుక్కడు. బిడ్డ తిండి విషయంలో మన బాధ్యత ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది? ఈ సంగతి తెలిస్తే మన ఇళ్ళలో సగం ఏడుపులు ఆగిపోతాయి.

ముందుగా ఆకలి సంగతి చూద్దాం. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ సుమారు అయిదు నెలలకు రెట్టింపు బరువు, ఏడాదికి మూడింతల బరువు అవుతాడు. అంటే ఒక్క సంవత్సరంలో దాదాపు 6 కిలోలు! రెండో సంవత్సరంలో పెరిగేది రెండున్నర కిలోలకు అటూ ఇటూగా మాత్రమే. ఆ తరువాత బడికి వెళ్ళే వయసు దాకా ఏడాదికి సుమారు 2 కిలోలు. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. ఇది జబ్బు కాదు, సృష్టికర్త ఆ చిన్న దేహంలో అమర్చిన కొలత. సరిగ్గా ఈ వయసులోనే బిడ్డకు నడక వస్తుంది, ఊరంతా తిరగాలనిపిస్తుంది, కొత్త వస్తువు నోట్లో పెట్టుకోవాలంటే భయం కూడా కలుగుతుంది. పది నెలల వయసులో ఏది పెట్టినా తిన్న పిల్ల రెండేళ్ళకు పప్పులో కొత్తిమీర ఏరి పారేస్తుంది. "అప్పుడు బాగా తినేది, ఎవరి దిష్టో తగిలింది" అని మనం అనుకుంటాం. దిష్టి మాట తరువాత చెప్పుకుందాం. చాలామంది పిల్లల్లో ఇది వయసుతో వచ్చి వయసుతో పోయేదే.

ఇక బరువు. మన కళ్ళు పొరుగింటి బిడ్డను చూసి మన బిడ్డను తూకం వేస్తాయి. ఆ తూకం నమ్మదగినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో పిల్లల ఎదుగుదల ప్రమాణాలను విడుదల చేసింది. భారతదేశం, ఒమన్‌తో సహా ఆరు దేశాల పిల్లలను పరిశీలించి వాటిని రూపొందించారు. అంగన్‌వాడీలో బరువు చూసి గీతల మీద చుక్క పెట్టేది ఆ ప్రమాణాలతోనే. వాటి ప్రకారం 3 ఏళ్ళ మగపిల్లవాడి మధ్యస్థ బరువు 14 కిలోలకు కాస్త ఎక్కువ, ఆడపిల్లది దాదాపు 14 కిలోలు. 5 ఏళ్ళకు ఇద్దరికీ సుమారు 18 కిలోలు. ఇది మధ్య గీత మాత్రమే. 3 ఏళ్ళ బాబు పదకొండున్నర కిలోలున్నా ఆరోగ్య పరిధి లోపలే ఉన్నట్లు, 18 కిలోలున్నా లోపలే ఉన్నట్లు. తల్లిదండ్రులు సన్నగా పొడుగ్గా ఉంటే బిడ్డ కూడా అలాగే ఉండవచ్చు. ఒక్క రోజు తూకం చూసి కంగారు పడకండి. నెలనెలా పెట్టిన చుక్కలు గీత వెంట పైకి పోతున్నాయా లేదా అన్నది చూడండి. పోతూ ఉంటే ఆ బిడ్డ తనకు కావలసింది తింటున్నట్టే, మనకు ఎంత తక్కువగా కనబడినా సరే.

ఇప్పుడు అయిష్టం సంగతి. ఒకసారి హజ్రత్ మైమూనా (రజి) ఇంట్లో కాల్చిన ఉడుము మాంసం వడ్డించారు. దైవప్రవక్త (సఅసం) చెయ్యి చాచారు. అది ఏ మాంసమో చెప్పగానే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పక్కనే ఉన్న హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) ఇది హరామా అని అడిగారు. కాదు, మా ప్రాంతంలో ఇది ఉండదు, అందుకే నాకు మనసొప్పడం లేదు అన్న అర్థంలో ఆయన సమాధానమిచ్చారు. ఖాలిద్ (రజి) దాన్ని తన వైపు లాక్కుని తిన్నారు, ప్రవక్త (సఅసం) చూస్తూ ఉండిపోయారు. ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు, ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు. అలవాటు లేని పదార్థం మీద మనసు పోకపోవడం మానవ సహజమని ఈ ఒక్క సంఘటన చెబుతుంది. నలభై ఏళ్ళు దాటిన మనకే పరాయి ఊరి కూర మింగుడు పడదు. మూడేళ్ళ బిడ్డకు కాకరకాయ మింగుడు పడకపోతే అది మొండితనం ఎలా అవుతుంది?

ఇదే విషయంలో రెండో పాఠం కూడా ఉంది. దైవప్రవక్త (సఅసం) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని హజ్రత్ అబూ హురైరా (రజి) తెలిపారు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు. వదిలేయడం వేరు, వంక పెట్టడం వేరు. బిడ్డకు నేర్పవలసింది ఈ తేడానే. "నాకు వద్దు" అనవచ్చు. "ఛీ, ఇదేం కూర" అనకూడదు. అయితే ఈ పాఠం బిడ్డకు నేర్పే ముందు ఇంటి పెద్దలు ఒకసారి తమను తాము చూసుకోవాలి. ఉప్పు తగ్గిందని పళ్ళెం విసురుగా జరిపే తండ్రి ఎదురుగా పెరిగిన పిల్లవాడు సొరకాయ కూరను చూసి ముఖం చిట్లిస్తే వాణ్ణి ఏమని మందలించగలం?

బలవంతం వల్ల మేలు జరగకపోగా కీడే జరుగుతుంది. ముక్కు మూసి నోట్లో పోసిన పాలు, అరిచి తినిపించిన ముద్ద బిడ్డ జ్ఞాపకంలో భయంతో ముడిపడి ఉండిపోతాయి. ఆ పదార్థం వాసన వస్తేనే వాంతి చేసుకునే స్థితికి వస్తారు కొందరు. మరికొందరిలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. కడుపు నిండిందని దేహం చెప్పే మాట వినడం మానేసి, ఎదుట ఉన్నదంతా తినడం అలవాటై, పెద్దయ్యాక స్థూలకాయులవుతారు. ఆదం సంతానం నింపే పాత్రలలో కడుపును మించిన చెడ్డ పాత్ర లేదనీ, నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు చాలుననీ, తప్పదనుకుంటే మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు ఉంచుకోవాలనీ దైవప్రవక్త (సఅసం) బోధించారు. "చాలు" అని తల తిప్పుకునే బిడ్డకు ఈ కొలత పుట్టుకతోనే తెలుసు. మనమే దాన్ని చెరిపేస్తున్నాం.

"మరి అన్నం పారేయడం పాపం కాదా? పళ్ళెంలో వదిలితే ఊరుకోవాలా?" అని దాదీమా అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. కింద పడిన ముద్దను కూడా తుడుచుకుని తినమనీ, షైతానుకు వదలవద్దనీ చెప్పిన ధర్మం మనది. అయితే పారేయకుండా ఉండటానికి మార్గం పళ్ళెం నిండుగా వడ్డించి బిడ్డ చేత ఊడ్పించడం కాదు, తక్కువ వడ్డించడం. రెండేళ్ళ బిడ్డకు రెండు చెంచాల అన్నం, ఒక చెంచా పప్పు, వేలెడంత కూర ముక్క. అయిపోతే "ఇంకా" అని అడగనివ్వండి. అడగడంలో బిడ్డకు గెలిచిన సంతోషం ఉంటుంది. మిగిలితే ఆ రెండు ముద్దలు అమ్మో నాన్నో తినేస్తారు. అన్నం వృధా కాదు, బిడ్డ ఏడవడు.

ఇంకొక అలవాటు మన ఇళ్ళలో బాగా పాతుకుపోయింది. అది చిన్నదిగా కనిపిస్తుంది గాని చిన్నది కాదు. "ఇది తింటే బజారుకు తీసుకెళ్తా." "తినకపోతే పోలీసు వస్తాడు." "ఒక్క ముద్ద తిను, ఐస్‌క్రీం ఇస్తా." తిన్నాక బజారూ లేదు, ఐస్‌క్రీమూ లేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) చిన్నతనంలో జరిగిన సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఆయన తల్లి, ఇలా రా, ఏదో ఇస్తానని పిలిచింది. ఆ సమయంలో దైవప్రవక్త (సఅసం) వారి ఇంట్లో ఉన్నారు. ఏమివ్వాలనుకున్నావని అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకున్నానని ఆమె చెప్పింది. నీవు ఏమీ ఇవ్వకపోయి ఉంటే నీ మీద ఒక అబద్ధం రాయబడి ఉండేదని ఆయన అన్నారు. పూటకు పది ముద్దలు, ముద్దకొక అబద్ధం. లెక్క వేసుకోండి. పైగా లంచం ఇచ్చి పాలకూర తినిపిస్తే, పాలకూర శిక్ష అనీ ఐస్‌క్రీం బహుమతి అనీ బిడ్డకు మనమే నేర్పినట్లు. ఫోను ముందు పెట్టి నోట్లో కుక్కడం కూడా ఈ కోవలోదే. ఏం తింటున్నాడో, ఎంత తిన్నాడో బిడ్డకు తెలియదు. రుచి తెలియనిదే ఇష్టం ఎలా పుడుతుంది?

మరి మన చేతిలో ఏముంది? చాలానే ఉంది. ఏం వండాలి, ఏ వేళకు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలి అన్న మూడూ పెద్దల చేతిలోవి. వడ్డించిన దాంట్లో ఏది తినాలి, ఎంత తినాలి అన్నది బిడ్డకు వదిలేయాలి. అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ 1980లలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. నేడు పిల్లల వైద్యులు ఎందరో దీన్నే సూచిస్తున్నారు.

"ఏం వండాలి" అన్న దాంట్లో పెద్దలు మెత్తబడకూడదు. చిన్నారి హసన్ (రజి) జకాత్ ఖర్జూరాల కుప్పలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నప్పుడు దైవప్రవక్త (సఅసం) దాన్ని వెంటనే ఉమ్మించారు. సదఖా సొమ్ము మనం తినమని నీకు తెలియదా అని అడిగారు. ముద్దుల మనవడే అయినా, పసివాడే అయినా ఊరుకోలేదు. అది హరామ్‌కు సంబంధించిన విషయం. చిప్స్ ప్యాకెట్ హరామ్ అని మనం అనడం లేదు. బిడ్డ నోట్లోకి ఏది పోవాలో నిర్ణయించే అధికారం, బాధ్యత పెద్దలదేనని మాత్రం ఈ సంఘటన నుండి గ్రహించవచ్చు.

దివ్యఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా 168వ ఆయత్‌లో అల్లాహ్ మానవులందరినీ ఉద్దేశించి భూమి మీద ఉన్నవాటిలో హలాల్ అయినవాటినీ, తయ్యిబ్ అయినవాటినీ తినమని ఆజ్ఞాపించాడు. మాటలు రెండు. మనం మొదటి మాటను జాగ్రత్తగా పట్టుకున్నాం. చాక్లెట్ కొంటే వెనుక వైపు తిప్పి జెలటిన్ ఉందేమోనని చదువుతాం, మాంసం కొంటే జబీహా ఎవరు చేశారని అడుగుతాం. మంచిదే. రెండో మాటకు పరిశుద్ధమైనది, మేలైనది అని అర్థం. దాన్ని ఏ ప్యాకెట్ మీదా వెతకం. హలాల్ అయినంత మాత్రాన పంచదార నీళ్ళు బిడ్డకు మేలైన ఆహారం కావు. బలం వస్తుందని పాలల్లో కలిపే పొడుల సంగతి కూడా అంతే. వాటిలో చాలావాటిలో పంచదార పాలు ఎక్కువ. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇటువంటి పానీయాలను "ఆరోగ్య పానీయాలు" అన్న వర్గంలో చూపవద్దని ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు సూచించింది. చట్టంలో అసలు అటువంటి వర్గమే లేదని తేలింది మరి.

1920లలో క్లారా డేవిస్ అనే అమెరికా వైద్యురాలు చేసిన ప్రయోగం ఇక్కడ చెప్పుకోదగినది. అప్పుడే తల్లిపాలు మానిన పసివాళ్ళ ముందు రకరకాల ఆహారం పెట్టి, ఎవరూ బలవంతం చేయకుండా వాళ్ళు వేలితో చూపిందే తినిపించమని నర్సులకు చెప్పారు. ఏళ్ళ తరబడి సాగిన ఆ పరిశీలనలో పిల్లల భోజనాలు వింతగా ఉండేవి. ఒకపూట కాలేయం, నారింజ రసం. మరోపూట గుడ్లు, అరటిపండ్లు, పాలు. కాని మొత్తం మీద అందరూ ఆరోగ్యంగా పెరిగారు. దీన్ని చెప్పుకుని "పిల్లల్ని వాళ్ళకిష్టమైనదే తిననివ్వండి" అనేవారు ఒక సంగతి మరచిపోతారు. ఆ పళ్ళేల్లో పంచదార లేదు, కార్ఖానాలో తయారైన తిండి లేదు. మాంసం, గుడ్లు, పాలు, ధాన్యాలు, కూరగాయలు, పండ్లు మాత్రమే ఉన్నాయి. పెద్దలు తమ వంతు పని చేశారు గనుకనే పిల్లలకు వదిలిన పని సవ్యంగా సాగింది.

ఇక వేళ. బిడ్డ తినడం లేదని మనం ఏం చేస్తాం? గంటకొకసారి ఏదో ఒకటి నోటికి అందిస్తూ ఉంటాం. పొద్దున్నే చాయ్‌లో ముంచిన బిస్కెట్, పదింటికి మరో గ్లాసు పాలు, పన్నెండింటికి చాక్లెట్. ఒంటిగంటకు పళ్ళెం ముందు కూర్చునేసరికి ఆకలి ఎక్కడిది? మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, మధ్యమధ్య రెండు మూడు గంటల విరామం, విరామంలో నీళ్ళు తప్ప మరేమీ లేదు. ఇంత మాత్రం చేస్తే చాలా ఇళ్ళలో వారం రోజుల్లోనే మార్పు కనిపిస్తుంది. పాలు మంచివే. ఆహారంగానూ పానీయంగానూ పనికివచ్చేది పాలు తప్ప మరొకటి లేదని హదీసులో ప్రశంస ఉంది. కాని ఏడాది దాటిన బిడ్డకు రోజుకు అరలీటరు చాలు. అంతకు మించితే కడుపు పాలతోనే నిండిపోతుంది, పాలలో ఇనుము దాదాపుగా ఉండదు గనుక రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గితే ఆకలి ఇంకా మందగిస్తుంది. ఆకలి లేదని మనం మరో గ్లాసు పాలు ఇస్తాం! చాయ్ అయితే పసిపిల్లలకు అసలే వద్దు. భోజనంలోని ఇనుమును ఒంటికి పట్టకుండా అది అడ్డుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది "ఎక్కడ" అన్న ప్రశ్న. ఒక దర్జీ దైవప్రవక్త (సఅసం)ను భోజనానికి పిలిచాడు. ఆయన వెంట హజ్రత్ అనస్ (రజి) కూడా వెళ్ళారు. పదేళ్ళ ప్రాయంలో ప్రవక్త సేవకు వచ్చి ఆ ఇంట్లోనే పెరిగినవారాయన. బార్లీ రొట్టె, సొరకాయ ముక్కలు వేసిన షోర్బా, ఎండబెట్టిన మాంసం వడ్డించారు. దైవప్రవక్త (సఅసం) గిన్నె అంచుల వెంట సొరకాయ ముక్కల కోసం వెతికి తినడం అనస్ (రజి) చూశారు. ఆ రోజు నుండి తనకు సొరకాయ అంటే ఇష్టం ఏర్పడిందని ఆయనే చెప్పుకున్నారు. ఎవరూ సొరకాయ గుణగణాలు వివరించలేదు, తిను తిను అని వెంటపడలేదు. తాను ప్రేమించే మనిషి ఇష్టంగా తినడం చూశారు, అంతే. పిల్లలకు రుచులు అబ్బే మార్గం ఇదే. మన దావతుల్లో బగారా అన్నం పక్కన వడ్డించే దాల్చాలో ఉండే ముక్క కూడా సొరకాయే. ఎన్ని ఇళ్ళలో పిల్లలు దాన్ని పక్కకు తీసి పెడుతున్నారో, ఎన్ని ఇళ్ళలో తండ్రులు కూడా పక్కకు తీసి పెడుతున్నారో!

ఒక ఇంట్లో ఇప్పుడు మూడు దస్తర్‌ఖాన్లు పరుస్తున్నాం. పిల్లలకు ఎనిమిదింటికి టీవీ ముందు ఒకటి. పని నుండి వచ్చాక మగవాళ్ళకు ఒకటి. అందరి తరువాత వంటింట్లో ఆడవాళ్ళకు ఒకటి. ఈ ఇంట్లో బిడ్డ ఎవరిని చూసి నేర్చుకోవాలి? తింటున్నాం గాని కడుపు నిండటం లేదని సహాబాలు మొరపెట్టుకున్నప్పుడు, బహుశా మీరు విడివిడిగా తింటున్నారేమోనని దైవప్రవక్త (సఅసం) అన్నారు. కలిసి తినండి, అల్లాహ్ పేరు తలచుకోండి, అందులో మీకు శుభం కలుగుతుందని బోధించారు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) కుమారుడు ఉమర్ పసివాడిగా ఉన్నప్పుడు చెయ్యి పళ్ళెమంతా తిప్పుతూ తింటుంటే, బిస్మిల్లాహ్ అనమనీ, కుడిచేత్తో తినమనీ, తనకు దగ్గరగా ఉన్నది తినమనీ ఆయన నేర్పారు. ఆ పిల్లవాడు పెద్దలతో ఒకే పళ్ళెంలో తింటున్నాడు గనుకనే నేర్పడానికి వీలైంది. నేర్పిన తీరులో కసురు లేదు. జీవితాంతం తాను అలాగే తిన్నానని ఆయనే చెప్పారు.

కాబట్టి రోజుకు ఒక్క పూటైనా ఒకే దస్తర్‌ఖాన్ మీద అందరూ కూర్చోండి. బిడ్డ తప్పకుండా తినేది ఒకటి, పెరుగన్నమో చపాతీయో, అందులో ఉండేలా చూడండి. దాంతోపాటు కొత్తది ఏదైనా కొంచెం పెట్టండి. ముట్టకపోతే ఏమీ అనకండి. నాలుగు రోజుల తరువాత మళ్ళీ పెట్టండి. కొత్త రుచిని బిడ్డ అంగీకరించడానికి పది పదిహేనుసార్లు ఎదురుపడవలసి రావచ్చునని పరిశోధకులు చెబుతున్నారు. మనం మూడోసారికే "మావాడు వంకాయ తినడు" అని ముద్ర వేసేస్తాం. బిడ్డ వినేలా ఆ మాట అనడం మరీ తప్పు. కూరగాయలు కడగడం, బఠాణీలు ఒలవడం, దస్తర్‌ఖాన్ పరవడం వంటి పనుల్లో వాళ్ళ చెయ్యి పడనివ్వండి. తాను ఒలిచిన బఠాణీ తినే బిడ్డలను చాలామందిని చూస్తాం.

నిజంగానే సన్నగా ఉన్న బిడ్డ కడుపు చిన్నది. పట్టే కాస్త చోటులో సారం ఎక్కువ ఉండేలా చూడాలి. పలుచటి చారన్నం బదులు గట్టి పప్పన్నంలో చెంచా నెయ్యి కలిపితేనే 45 కేలరీలు చేరతాయి. కిచిడీలో ఖీమా మెత్తగా కలపవచ్చు, గుడ్డును పరాఠాలో దాచకుండానే కలిపి చూపవచ్చు. వేరుశనగ పొడి, నువ్వులు, ఖర్జూరం, అరటిపండు, మీగడ పెరుగు మన ఇళ్ళలో ఉండేవే. వేరుశనగ గింజలు, గింజ తీయని ఖర్జూరాలు అయిదేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వవద్దు, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. మరో మాట. కొన్ని ఇళ్ళలో గుడ్డు, మాంసం ముక్క కొడుకు పళ్ళెంలోకే వెళతాయి, కూతురికి షోర్బా మిగులుతుంది. సంతానం మధ్య న్యాయం పాటించమన్న ప్రవక్త ఆదేశం కానుకలకు మాత్రమే పరిమితమని ఎవరు చెప్పారు?

ఓపిక పట్టవలసిన చోటు ఎంత ఉందో, ఆలస్యం చేయకూడని చోటు కూడా అంతే ఉంది. రెండు మూడు నెలలుగా బరువు పెరగకపోయినా, తగ్గినా. మింగేటప్పుడు దగ్గు, ఉక్కిరిబిక్కిరి వస్తున్నా. తరచు వాంతులు, విరేచనాలు అవుతున్నా. మట్టి, సుద్ద, బియ్యం తింటున్నా. పాలిపోయి ఆటల మీద కూడా ధ్యాస లేకపోయినా. తినే పదార్థాలు రోజురోజుకూ తగ్గి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలినా డాక్టరుకు చూపించాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. కడుపులో నులిపురుగులున్నా ఆకలి ఉండదు. 2015 నుండి బడులలో, అంగన్‌వాడీలలో నులిపురుగుల నివారణ దినం నాడు అల్బెండజోల్ మాత్ర ఉచితంగా ఇస్తున్నారు. ఆ రోజు బిడ్డను ఇంట్లో ఉంచేయకండి. దిష్టి తగలడం సత్యమేనని మన విశ్వాసం. సూరాలు చదివి ఊదండి, దుఆ చేయండి. వైద్యం చేయించుకోమని చెప్పినవారు కూడా ఆ ప్రవక్తే గదా! తావీదు కట్టి మూడు నెలలు ఎదురుచూసేలోగా బిడ్డ రక్తం ఇంకా తగ్గిపోతుంది.

రమజాన్‌లో ఒక చిత్రం గమనించే ఉంటారు. ఏడాదంతా "వద్దు" అనే పిల్లలు ఇఫ్తార్ వేళ పెద్దల మధ్య ఇరుక్కుని కూర్చుంటారు. ఖర్జూరాలు అందరి పళ్ళేల్లో పంచుతారు, అజాన్ కోసం చెవులు రిక్కిస్తారు. ఎప్పుడూ ముట్టని బొప్పాయి ముక్క, ఉడికించిన శనగలు వాళ్ళ నోటికి పోతాయి. ఎవరూ తిను అని అడగరు. అడిగే తీరిక ఎవరికీ ఉండదు కూడా. షవ్వాల్ నెలవంక కనబడగానే ఆ దస్తర్‌ఖాన్ మడిచి అలమారలో పెట్టేస్తాం. దాన్ని మడవకుండా, మగ్రిబ్ తరువాతో ఇషా తరువాతో ఇంట్లో అందరికీ కుదిరే వేళ చూసి, రోజూ అక్కడే పరచి ఉంచండి.